నీళ్లలో వాడే మెటల్ డిటెక్టర్ రాడ్ ఊగుతోందా? కాయిల్ నుంచి మోచేతి దాకా సరిచేసే పద్ధతి

ఒడ్డు మీద గట్టిగానే ఉన్న డిటెక్టర్ నడుము లోతు నీళ్లలోకి దిగగానే లటలటలాడుతోందని చాలామంది అడుగుతున్నారు. గోదావరి ఘాట్ల దగ్గర స్నానాల్లో జారిపోయిన ఉంగరాలు, గొలుసులు వెతికిపెట్టే ఈతగాళ్లు అడుగుతున్నారు. చెరువులో పడ్డ తాళాలు, మోటారు పానాలు వెతికేవాళ్లూ అడుగుతున్నారు. గాలిలో కంటే నీళ్లలో కాయిల్‌ను (రాడ్ కింది చివర ఉండే, లోహాన్ని పసిగట్టే పళ్లెం) అటూ ఇటూ తిప్పడానికి చాలా ఎక్కువ బలం కావాలి. ఆ బలమంతా రాడ్ జాయింట్ల మీదే పడుతుంది కాబట్టి ఒడ్డున కనబడని లూజు అక్కడ బయటపడుతుంది.

ఊగుడు మొదలవగానే చాలామంది కనబడ్డ లాక్‌నల్లా ఇంకా బిగిస్తారు. దాంతో కాయిల్ చెవి (రాడ్ చివరను రెండు వైపులా పట్టుకునే కొమ్ము) విరుగుతుంది, లాక్ పగులుతుంది, ఊగుడు మాత్రం పోదు. అసలు కారణం సందు. అది ఏ జాయింట్‌లో ఉందో, ఎంత ఉందో తెలుసుకుని అంత మందమే నింపాలి. కాయిల్ దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి.

1. లూజు ఎక్కడుందో ముందు పట్టుకోండి

రాడ్‌ను మీరు వాడే పొడవుకు బిగించి, కాయిల్‌ను చాప మీదో దుప్పటి మీదో ఆనించండి. ఒక చేత్తో జాయింట్‌కు కింద, ఇంకో చేత్తో పైన పట్టుకోండి. పై చేతి బొటనవేలి గోరును రెండు గొట్టాలు కలిసే గీత మీద ఆనించి, మెల్లగా వంచండి, తిప్పండి, లాగండి. కంటికి ఆనని అర మిల్లీమీటర్ కదలిక కూడా గోరుకు టక్కుమని తెలుస్తుంది.

ప్రతి జాయింట్‌నూ ఇట్లాగే విడివిడిగా చూడండి. రాడ్ మొత్తాన్ని పట్టుకుని ఊపితే ఏ జాయింట్ కదులుతోందో చచ్చినా తేలదు.

- కాయిల్ ముందుకూ వెనక్కూ తల ఊపితే: చెవుల బోల్టు, రబ్బరు వాషర్లు. 4వ భాగం.
- కింది రాడ్ పక్కలకు ఊగితే: రెండు గొట్టాల మధ్య సందు. 5వ భాగం.
- కాయిల్ కుడికో ఎడమకో మెలిక తిరిగితే: స్ప్రింగ్ బటన్ (గొట్టం రంధ్రంలోంచి పైకి పొడుచుకొచ్చి రాడ్‌ను కదలకుండా ఆపేది), దాని రంధ్రం. 6వ భాగం.
- రాడ్ తనంతట తాను లోపలికి జారితే: క్యామ్ లాక్ (లివర్ మూస్తే బిగిసేది) లేదా ట్విస్ట్ లాక్ (తిప్పితే బిగిసేది). 7వ భాగం.
- జాయింట్లన్నీ గట్టిగా ఉండి, గొట్టమే విల్లులా వంగితే: అది లూజు కాదు. సన్నటి అల్యూమినియం గొట్టం గుణమే అంత. టేపు, జిగురు దానికి పనిచేయవు. రాడ్ పొడవు తగ్గించి వాడాలి.

రెండుమూడు చోట్ల కొంచెం కొంచెం లూజు ఉండటమే మామూలుగా కనబడేది. దొరికిన ప్రతి చోటా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

2. సామాను

ఇందులో విదేశాల నుంచి తెప్పించాల్సిందేమీ లేదు. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల లాంటి ఊళ్లలో హార్డ్‌వేర్ షాపు, ఎలక్ట్రికల్ షాపు, జిరాక్స్ సెంటరు, బోరు మోటార్లు బాగుచేసే షాపు తిరిగితే అన్నీ దొరుకుతాయి.

- వెర్నియర్ క్యాలిపర్. ప్లాస్టిక్‌ది చాలు, కానీ 0.1 మి.మీ. చదవగలగాలి
- ఓహెచ్‌పీ షీటు (ప్రొజెక్టర్ మీద పెట్టే పారదర్శక ప్లాస్టిక్ షీటు), 0.1 మి.మీ. మందం. జిరాక్స్ సెంటర్లో స్పైరల్ బైండింగ్ పైన వేసే పారదర్శక షీటు కూడా సరిపోతుంది, మందం మాత్రం కొలుచుకోండి
- పీవీసీ ఎలక్ట్రికల్ టేపు
- 24 గంటల్లో పూర్తిగా గట్టిపడే రెండు ట్యూబుల ఆరాల్డైట్
- 3 మి.మీ. మందం రబ్బరు షీటు. లోపల తీగ గానీ రేకు గానీ ఉండకూడదు
- కాయిల్ బోల్టుకు సరిపోయే నైలాన్ బోల్టు, నట్టు, ఇంకొకటి అదనంగా
- 120, 220 నంబర్ల ఎమరీ పేపర్
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెడికల్ షాపులో దొరుకుతుంది
- సిలికాన్ గ్రీజు, పాత టూత్‌బ్రష్, వెల్‌క్రో పట్టీలు

కాయిల్ దగ్గర లోహం ఉండకూడదన్న సంగతి ఈ పని మొత్తానికీ వర్తిస్తుంది. కింది రాడ్ ఫైబర్‌తోనూ, బోల్టు ప్లాస్టిక్‌తోనూ చేసేది అందుకే. అక్కడ ఇనుప బోల్టు వేస్తే కాయిల్ దాన్నే వస్తువనుకుంటుంది. కాయిల్ వ్యాసానికి కనీసం రెండింతల దూరం దాటాకే ఏ లోహపు క్లిప్పయినా వాడండి. 11 అంగుళాల కాయిల్‌కు అది దాదాపు 56 సెం.మీ.

3. విప్పి, కడిగి, ఆరబెట్టండి

గోదావరి ఇసుకకూ చెరువు ఒండ్రుకూ తేడా ఉంది. ఇసుక గొట్టాల మధ్య చేరి లోపలి గోడను గీకుతుంది. ఒండ్రు ఎండి గట్టిపడి, లాక్ పూర్తిగా మూసుకోకుండా అడ్డుపడుతుంది. లాక్ లూజైందనుకున్నవాళ్లలో కొందరికి కడగడంతోనే సమస్య తీరిపోతుంది.

రాడ్ భాగాలన్నీ విడదీయండి. మంచినీళ్లలో అరగంట నానబెట్టి బ్రష్‌తో తోమండి. పై గొట్టం లోపలికి పొడవాటి పుల్లకు గుడ్డ చుట్టి తిప్పండి. నీడలో ఒక పూట ఆరనివ్వండి. మే నెల ఎండలో కారులోనో రేకు కింద ఉన్న గదిలోనో వదిలేస్తే ప్లాస్టిక్ లాక్‌లు వంకర పోతాయి.

థిన్నర్, పెట్రోలు దగ్గరికి రానివ్వొద్దు. కాయిల్ తొడుగు, లాక్‌లు చాలావరకు ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేసినవి. థిన్నర్ తగిలితే మెత్తబడి తర్వాత పగుళ్లిస్తాయి.

సముద్రంలో వాడి తెచ్చినదైతే అల్యూమినియం మీద తెల్లటి పొడి కనబడుతుంది. ఉప్పు తినేసిన గుర్తు అది. 220 ఎమరీతో రుద్ది తీసేసిన తర్వాతే కొలతలు తీసుకోండి.

4. కాయిల్ చెవులు, బోల్టు, వాషర్లు

బోల్టు విప్పి చెవులను టార్చి వెలుగులో చూడండి. సన్నటి వెంట్రుక లాంటి గీత ఎక్కువగా బోల్టు రంధ్రం నుంచి బయటి అంచు వైపు పోతుంది. గీత ఉంటే ఇక బిగించడం ఆపేయండి.

తర్వాత రెండు చెవుల మధ్య దూరం కొలవండి. రాడ్ చివరి మందానికి రెండు వాషర్ల మందం కలపండి. ఈ మొత్తం చెవుల మధ్య దూరం కంటే 0.5 నుంచి 1 మి.మీ. ఎక్కువ ఉండాలి. అప్పుడే రబ్బరు కొంచెం నలిగి పట్టు వస్తుంది. తక్కువుంటే మీరు బోల్టు బిగించిన కొద్దీ చెవులు లోపలికి వంగుతాయి. చెవులు విరగడానికి ఇదే పెద్ద కారణం. బోల్టు ఎంత గట్టిగా బిగిస్తే అంత త్వరగా విరుగుతాయి.

1. పాత వాషర్లు నున్నగా మెరుస్తుంటే 220 ఎమరీ మీద రెండు వైపులా రుద్ది గరుకు తెప్పించండి.
2. అరిగి పలచబడితే 3 మి.మీ. రబ్బరు షీటు నుంచి పాతదాన్నే అచ్చుగా పెట్టి కోయండి. ఇంకా సందు మిగిలితే సైకిల్ ట్యూబు ముక్క ఒక పొర జోడించండి.
3. రబ్బరునూ, చెవుల లోపలి వైపునూ ఆల్కహాల్‌తో తుడవండి. ఇక్కడ గ్రీజు, సబ్బు, నూనె ఏదీ వద్దు. రాపిడి వల్లే కాయిల్ నిలబడుతుంది.
4. నైలాన్ బోల్టు వేసి, నట్టును వేళ్లతో ఆగినంత వరకు తిప్పి, ఆపైన పావు చుట్టు మాత్రం తిప్పండి.

కాయిల్‌ను చేత్తో గట్టిగా నెడితే కోణం మారాలి, రాడ్‌ను ఊపితే మారకూడదు. బిగింపు అంతవరకే. పానా పెట్టి తిప్పాల్సి వస్తోందంటే వాషర్ మందం చాలలేదని తెలుసుకోండి.

చెవి పగిలి ఉంటే ఆల్కహాల్‌తో తుడిచి, 120 ఎమరీతో గరుకు చేసి, ఆరాల్డైట్‌లో తడిపిన ఫైబర్ మ్యాట్ (గాజు పీచు గుడ్డ) ముక్కను బయటి వైపు అంటించండి. కొంతకాలం పనిచేస్తుంది. ఫెవిక్విక్ మాత్రం వద్దు. అది పెళుసుగా గట్టిపడుతుంది, నీళ్లలో పట్టు తప్పుతుంది.

5. రెండు గొట్టాల మధ్య సందు

ఎక్కువ ఊగుడు ఇక్కడే పుడుతుంది. తొందరపడి ఎక్కువమంది చెడగొట్టుకునేదీ ఇక్కడే.

కింది రాడ్ లోపలికి ఎంత పోయిందో ముందు చూడండి. ఉదాహరణకు సందు 0.6 మి.మీ., బయట ఉన్న రాడ్ 60 సెం.మీ. అనుకుందాం. లోపల 5 సెం.మీ. మాత్రమే ఉంటే కాయిల్ చివర దాదాపు 7 మి.మీ. కదులుతుంది. లోపల 12 సెం.మీ. ఉంటే అదే సందుకు 3 మి.మీ. మాత్రమే. అంటే ఒక్క పైసా ఖర్చు లేకుండా, ఇంకో 7 సెం.మీ. లోపలికి తోస్తే సగం పైగా ఊగుడు తగ్గిపోతుంది. నీళ్లలో కొంచెం వంగి నడుస్తాం కాబట్టి పొట్టి రాడే నయం. తోశాక కూడా ఊగుతుంటేనే సందు నింపే పని పెట్టుకోండి.

కొలత

పై గొట్టం లోపలి వ్యాసాన్ని క్యాలిపర్ పై దవడలతో రెండు మూడు కోణాల్లో కొలవండి. ఇసుక అరుగుడు నోటి దగ్గరే ఎక్కువ, అక్కడ గుండ్రం తప్పి కోలగా కూడా ఉండవచ్చు. చిన్న కొలతనే లెక్కలోకి తీసుకోండి. కింది రాడ్ బయటి వ్యాసాన్ని కూడా రెండు మూడు చోట్ల కొలవండి.

లోపలి వ్యాసం 22.4, రాడ్ 21.8 వచ్చిందనుకోండి. తేడా 0.6, అంటే ఒక్కో వైపు 0.3 మి.మీ. అంతా నింపేస్తే రాడ్ దూరదు. మొత్తం మీద 0.1 లోపు వదలాలి. ఒక చుట్టు మందం 0.13 మి.మీ. ఉన్న ఎలక్ట్రికల్ టేపు రెండు చుట్లు వేస్తే ఒక్కో వైపు 0.26 నిండి, మొత్తం 0.08 మిగులుతుంది. సరిగ్గా అదే కావాలి.

ముందు టేపుతో చూడండి

1. నీళ్లలో వాడే పొడవు ఒకటి ఖాయం చేసుకుని, రాడ్ మీద పై గొట్టం నోరు వచ్చే చోట గీత పెట్టండి.
2. రాడ్ పై చివర 15 మి.మీ. వెడల్పు టేపు రింగు చుట్టండి. స్ప్రింగ్ బటన్‌కు తగలకూడదు.
3. పెట్టిన గీతకు 5 మి.మీ. పైన రెండో రింగు.
4. తోసి చూడండి. బొటనవేలి ఒత్తిడితో దూరాలి. సుత్తితో కొట్టాల్సి వస్తే ఒక చుట్టు తీసేయండి.

రెండు రింగులూ కింది రాడ్ మీదే ఉండాలి. రెండో రింగును పై గొట్టం నోటి లోపల అంటిద్దామని కొందరికి తడుతుంది. అట్లా చేస్తే రాడ్ పై చివరన ఉన్న రింగు నోటి రింగును దాటి లోపలికి పోనే పోదు. ఇంకొందరు రెండు రింగుల బదులు రాడ్ పొడవునా టేపు చుడతారు. మధ్యలో చుట్టిన టేపు వల్ల లాభమేమీ లేదు. పైగా ఇసుక అక్కడే ఇరుక్కుని రాడ్ బయటికి రాకుండా పట్టేస్తుంది.

తర్వాత పక్కా రింగు

టేపు మందం తేల్చుకోవడానికి బాగుంటుంది గానీ, ఎండలో జిగురు కారి పక్కకు జారుతుంది. దాని స్థానంలో ఓహెచ్‌పీ షీటు వేయండి.

1. టేపు తీసేసి, రింగు చోటును 120 ఎమరీతో గరుకు చేసి ఆల్కహాల్‌తో తుడవండి. రాడ్ కార్బన్ ఫైబర్‌ది అయితే ఎమరీని నీళ్లలో తడిపి రుద్దండి. ఆ పొడి పీల్చడం మంచిది కాదు, మాస్కు పెట్టుకోండి.
2. చుట్టుకొలత లెక్కేయండి. 21.8 వ్యాసానికి అది 68.5 మి.మీ. రెండు చుట్లకు 137 మి.మీ. పొడవు, 15 మి.మీ. వెడల్పు పట్టీ కోయండి.
3. ఆరాల్డైట్ రెండు ట్యూబులనూ సమానంగా కలిపి, పలచగా పూసి, పట్టీని బిగుతుగా చుట్టండి. జిగురుతో కలిపి మందం 0.25 దాకా వస్తుంది.
4. పైన పాలిథిన్ కవరు ముక్క, దాని మీద టేపు గట్టిగా చుట్టి 24 గంటలు వదలండి. ఆరాల్డైట్ పాలిథిన్‌కు అంటదు.
5. విప్పి, అంచులు 220 ఎమరీతో ఏటవాలుగా చేసి, తోసి చూడండి. బిగుతైతే రింగునే మెల్లగా రుద్దండి, గొట్టాన్ని కాదు.

సందు 1 మి.మీ. దాటితే షీటు పొరలు పెంచుకుంటూ పోవడం దండగ. లేత్ షాపులో బుష్ (సందులో కూర్చునే తొడుగు) చేయించండి. నైలాన్ రాడ్ చవక అని అదే వాడతామంటారు, ఒప్పుకోవద్దు. నైలాన్ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. పొద్దున సాఫీగా దూరిన రాడ్ సాయంత్రానికి ఇరుక్కుపోతుంది. డెల్రిన్ అనే ప్లాస్టిక్ అడగండి, అది నీళ్లు పీల్చడం చాలా తక్కువ. కాయిల్ బోల్టుకు నైలాన్ వాడితే ఈ ఇబ్బంది లేదు, ఎందుకంటే అక్కడ అంత కచ్చితమైన కొలత అక్కర్లేదు.

6. స్ప్రింగ్ బటన్, కోల తిరిగిన రంధ్రం

బటన్ లోపలికి నొక్కి చూడండి. బద్ధకంగా పైకి వస్తుంటే స్ప్రింగు తుప్పు పట్టింది, మార్చండి. టక్కుమని వస్తూ కూడా మెలిక తిరుగుతుంటే రంధ్రం కోలగా అరిగింది.

అల్యూమినియం గొట్టంలో పాత రంధ్రాన్ని జిగురుతో పూడిస్తే నిలవదు. అదే గీత మీద 2.5 సెం.మీ. దూరంలో కొత్తది వేయాలి. గీత ఒకటి రెండు డిగ్రీలు తప్పినా కాయిల్ ఒక వైపు వాలిపోతుంది. గొట్టాన్ని ఎల్ యాంగిల్ ఇనుప ముక్కలో పడుకోబెట్టి, దాని అంచు వెంబడి పాత రంధ్రం మధ్య నుంచి గీత గీయండి. 3 మి.మీ. బిట్‌తో మొదలుపెట్టి బటన్ కొలత దాకా పెంచండి. చివర్లో సన్న ఆకురాయితో లోపలి గరుకు తీయండి, లేకపోతే మీరు వేసిన రింగునే అది గీకేస్తుంది.

ఫైబర్ గొట్టమైతే పాతదాన్ని ఆరాల్డైట్‌తో నింపి, 24 గంటల తర్వాత అక్కడే మళ్లీ వేయవచ్చు.

7. క్యామ్ లాక్, ట్విస్ట్ లాక్

క్యామ్ లివర్ మూస్తుంటే సగం దారిలో బిగుతు మొదలవాలి. చివర్లో మాత్రమే తగులుతుంటే లూజు. సర్దుబాటు స్క్రూ ఉంటే పావు చుట్టు చొప్పున తిప్పండి. స్క్రూ లేనిదైతే కాలర్ (గొట్టాన్ని చుట్టి పట్టే భాగం) లోపల ఒక పొర ఓహెచ్‌పీ పట్టీ పెట్టండి.

ట్విస్ట్ లాక్‌లో పట్టు ఇచ్చేది లోపలి కోలెట్ (చీలికలున్న బిగింపు రింగు). దాని చీలికల్లో ఇసుక ఉంటే ఎంత తిప్పినా పట్టుకోదు. సూదితో తీసి కడగండి.

ఈ లాక్‌ల్లో నూనె, స్ప్రేలు వేయొద్దు. పట్టే చోట జారుడు పుడుతుంది. సిలికాన్ గ్రీజు ఓ-రింగుకు (రబ్బరు సీలు రింగు) మాత్రమే, అది కూడా మెరుపు కనబడేంత పలచగా.

కాలర్ పగిలితే తాత్కాలికంగా స్టీలు హోస్ క్లిప్ వేసి పని గడుపుకోవచ్చు, 2వ భాగంలో చెప్పిన దూరం పాటిస్తేనే.

8. పై భాగం, కేబుల్

ఆర్మ్ కప్ (మోచేయి దగ్గర చెయ్యి ఆనే దొప్ప) స్క్రూలు బిగించి, కప్ కింద పలచటి రబ్బరు ముక్క వేయండి. కంట్రోల్ బాక్స్‌ను నడుముకు కట్టుకునే వీలున్న మోడల్ అయితే, ఉదాహరణకు మైన్‌ల్యాబ్ ఎక్స్‌కాలిబర్, రాడ్ మీద నుంచి తీసి నడుముకే కట్టండి. రాడ్ బరువు తగ్గుతుంది, జాయింట్లకూ తెరిపి.

కేబుల్ వేలాడుతూ కాయిల్ మీద కదిలితే ఏమీ లేకపోయినా మోగుతుంది. దాన్ని రాడ్ ఊగుడు అనుకుని తిప్పలు పడేవాళ్లున్నారు. కాయిల్ కోణం మార్చుకునేంత వదులు మాత్రం కింద ఉంచి, మిగతాది రాడ్‌కు దగ్గరగా చుట్టి వెల్‌క్రోతో కట్టండి.

9. పరీక్ష

జిగురు పూర్తిగా ఆరాక, ఫోన్ పక్కన పెట్టి, కరెంటు తీగలకు దూరంగా ఆరుబయట డిటెక్టర్ ఆన్ చేయండి. కాయిల్‌ను గాలిలో ఉంచి రాడ్‌ను కుదపండి. మోగితే కేబుల్‌నూ బోల్టునూ మళ్లీ చూడండి.

తర్వాత నీళ్లలో. ఇంటి దగ్గరి సిమెంటు తొట్టి ఈ పరీక్షకు పనికిరాదు, గోడల్లో ఇనుప చువ్వలు ఉంటాయి. పెద్ద ప్లాస్టిక్ టబ్బు నింపి, అడుగున పసుపు రంగు 5 రూపాయల బిళ్ల వేయండి. 1, 2 రూపాయల బిళ్లలు వద్దు, అవి అయస్కాంతానికి అంటుకునే స్టీలువి, చాలా డిటెక్టర్లకు ఇనుములా వినిపిస్తాయి. కాయిల్‌ను బిళ్ల మీదుగా రెండు వైపుల నుంచీ పోనిచ్చి చూడండి. మోత రెండుసార్లూ ఒకే చోట రావాలి. వచ్చేటప్పుడు ఒక చోట, పోయేటప్పుడు ఇంకో చోట వస్తే కాయిల్ ఇంకా తల ఊపుతోంది.

అసలు నీళ్లలో దిగేటప్పుడు మోకాలి లోతులో మొదలుపెట్టండి. గోదావరిలో ఇసుక తవ్విన గుంతలు పైకి కనబడవు, ఒంటరిగా దిగొద్దు. రామప్ప, ఖిలా వరంగల్ లాంటి రక్షిత కట్టడాల దరిదాపుల్లో డిటెక్టర్ బయటికే తీయొద్దు. మట్టిలో దాగిన పాత నిధి దొరికి, దాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతుంది. అది ఇప్పటికీ అమల్లో ఉంది.

దిగే ముందు:

- బోల్టు వేళ్ల బిగువు, ఆపైన పావు చుట్టు
- గొట్టం నోరు గీత మీదే ఉంది
- బటన్ పూర్తిగా పైకి వచ్చింది
- లివర్ చివరిదాకా మూసుకుంది
- కేబుల్ వేలాడటం లేదు
- జేబులో అదనపు నైలాన్ బోల్టు, రెండు వాషర్లు

బయటికి వచ్చాక రాడ్‌ను విడదీసే కడగండి. జోడించినట్టే మూలన నిలబెడితే లోపలి ఇసుక రింగుల దగ్గర పేరుకుంటుంది.

10. బాగుచేయడం మానేసి కొత్తది కొనాల్సినప్పుడు

ఫైబర్ రాడ్ పొడవునా పీచులు లేస్తే, అల్యూమినియం గొట్టం నోరు రెండు వైపులా చీలితే, లేదా చెవి రెండోసారి పగిలితే జిగురు పని ఆపేయండి. మొదటి రెండింటికీ రాడ్ మార్చుకుంటే సరిపోతుంది. చెవి విషయం వేరు. లోతు నీళ్లలో అది తెగితే కాయిల్ కేబుల్ మీద వేలాడుతుంది, కేబుల్ లాగి లోపలికి నీళ్లు చేరితే కాయిల్ మొత్తం పోతుంది. కొత్త రాడ్ కొనేటప్పుడు చెవుల మధ్య దూరం, రాడ్ బయటి వ్యాసం, బటన్ వ్యాసం, ఈ మూడూ కాగితం మీద రాసుకుని కొలిచి చూసుకున్నాకే డబ్బులివ్వండి.